ఇంటి హీటింగులో ప్రెషర్ తగ్గుదల: కారణం వెతికే తీరు

చలి దేశాల ఇళ్లలో గోడల వెంట రేడియేటర్లు బిగించి, వాటిలో వేడినీటిని తిప్పి గదులను వెచ్చబరిచే ఏర్పాటును సెంట్రల్ హీటింగ్ అంటారు. బాయిలర్ కాచిన నీటిని పంపు తోస్తుంది. ఆ నీరు రేడియేటర్లలో తిరిగి, వేడి వదిలి, చల్లబడి మళ్లీ బాయిలర్‌కే చేరుతుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది మూసిన వలయం. అందులో ఏళ్ల తరబడి తిరిగేది అదే నీరు. స్నానానికి వచ్చే వేడినీటికీ దీనికీ కలయిక లేదు. బయటికి దారిలేని నీరు కాబట్టి, చల్లారి ఉన్నప్పుడు దాని ప్రెషర్ నెలల పాటు ఒకే అంకె దగ్గర నిలవాలి. అలా నిలవకుండా దిగిపోతుంటే నీరైనా ఎక్కడో పోతూ ఉండాలి, ఆ నీటికి ఆనుకుని ఉండాల్సిన గాలైనా పోయి ఉండాలి.

ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో ఇలాంటి పైపులు లేవు. లంబసింగి చలిలోనైనా రగ్గూ, నెగడూ తప్ప బాయిలర్ అవసరం పడదు. అందుకే చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లిన తెలుగు కుటుంబానికి ఈ యంత్రం కొత్త. ఒక చలికాలపు ఉదయాన రేడియేటర్లు చల్లగా తగులుతాయి, బాయిలర్ తెర మీద ఒక కోడ్ వెలుగుతుంది. వైలాంట్ బాయిలర్లలో అది చాలావరకు ఎఫ్22, ఐడియల్ వాటిలో ఎఫ్1, బాక్సీ వాటిలో ఈ119. మూడింటి అర్థమూ ఒకటే: నీటి ప్రెషర్ చాలలేదు. ఎందుకు చాలలేదో మాత్రం ఆ కోడ్ చెప్పదు. అది తెలియాలంటే గేజ్ మీద ముల్లు దిగిన తీరు చూడాలి. ఎన్నాళ్లలో దిగింది, వేడిగా ఉన్నప్పుడా చల్లారాకా, దిగే ముందు పైకి ఎగిసిందా అన్నవి తెలిస్తే సగం వెతుకులాట పానా పట్టకముందే పూర్తవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్ ఇళ్లలోని కాంబీ బాయిలర్ల గురించి, అంటే రేడియేటర్లకూ కొళాయిలకూ ఒకే పెట్టె నుంచి వేడినిచ్చేవాటి గురించి.

ముల్లు దేన్ని కొలుస్తుంది

పారిస్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు పొందిన వంపు గొట్టపు గేజే నేటికీ చాలా బాయిలర్ల ముందు ఉంది. లోపల ప్రెషర్ పెరిగితే వంగిన గొట్టం కొద్దిగా విప్పుకుంటుంది, దానికి తగిలించిన ముల్లు కదులుతుంది. కొలత బార్లలో ఉంటుంది. ఒక బార్ సుమారు 10 మీటర్ల ఎత్తు నీటి స్తంభాన్ని నిలబెట్టగలదు. బాయిలర్ కింది అంతస్తులో, చివరి రేడియేటర్ దానికి 5 మీటర్ల పైన ఉంటే, నీరు అక్కడిదాకా చేరడానికే అర బార్ కావాలి. ఇంకాస్త మిగులు కలిపి, చల్లని వ్యవస్థను 1 నుంచి 1.5 బార్ల మధ్య నింపుతారు. వేడెక్కాక 2 దగ్గరికి రావడం మామూలే. 3 బార్ల దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీటిని బయటికి వదులుతుంది. కింది వైపు, అర బార్‌కు అటూ ఇటూగా చాలా బాయిలర్లు మంట వెలిగించడానికి నిరాకరిస్తాయి.

నీటిని 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు కాస్తే దాని పరిమాణం దాదాపు 2.9 శాతం పెరుగుతుంది. 80 లీటర్లు పట్టే ఇంటి వ్యవస్థలో అది 2.3 లీటర్లు. నీటిని నొక్కి చిన్నది చేయలేం కాబట్టి ఈ పెరుగుదలకు ఎక్కడో చోటివ్వాలి. అందుకోసం పెట్టినదే ఎక్స్‌పాన్షన్ వెసెల్. ఉక్కు డబ్బా మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క నీరు, ఇంకో పక్క ముందే ఎక్కించిన గాలి లేదా నైట్రోజన్. తెలుగు పాఠకుడికి ఇది తెలియని వస్తువు కాదు. ఆర్‌ఓ ఫిల్టరు పక్కన ఉండే నీళ్ల ట్యాంకులోనూ, అపార్టుమెంట్ల ప్రెషర్ పంపు మీద కూర్చునే గుండ్రటి ట్యాంకులోనూ ఉన్నది ఇదే పొర, ఇదే గాలి. ఆ గాలి పోతే ప్రెషర్ పంపు నిమిషానికోసారి ఆగి మొదలవుతుంది. హీటింగులో గాలి పోతే ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగుతుంది.

అంకెలతో చూస్తే సంగతి తేటపడుతుంది. వెసెల్ పరిమాణం 8 లీటర్లు, ముందే ఎక్కించిన గాలి 0.75 బార్ అనుకుందాం. చల్లని నీటిని 1 బార్ దాకా నింపితే గాలి 7 లీటర్లకు కుదించుకుంటుంది. కాగిన నీరు ఇంకో 2.3 లీటర్లు లోపలికి వస్తే గాలికి మిగిలేది 4.7 లీటర్ల చోటు. బాయిల్ 1662లో చెప్పిన సూత్రం ప్రకారం, వాతావరణ పీడనాన్ని కూడా కలిపి లెక్కిస్తే, ముల్లు దాదాపు 2 బార్ల దగ్గర ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో జరిగేది సరిగ్గా ఇదే.

ఇదే లెక్కను వెనక్కి నడిపిస్తే వెతుకులాటకు పనికొచ్చే రెండు విషయాలు బయటపడతాయి. చల్లని ప్రెషర్ 1.5 నుంచి 0.75 బార్‌కు దిగాలంటే ఈ వ్యవస్థ నుంచి దాదాపు 2.4 లీటర్లు పోవాలి. అది నెల రోజుల్లో పోయిందంటే రోజుకు 80 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి ఒక చుక్క. వేడి పైపు మీద పడ్డ ఆ చుక్క నేల చేరకుండానే ఆవిరైపోతుంది. ఇంటిల్లిపాదీ వెతికినా చెమ్మ కనపడని లీకులు ఇలాంటివే. రెండోది, 0.75 దాకా దిగాక వెసెల్‌లో నీరు మిగలదు, వెనక నుంచి తోసే గాలి దిండు ఉండదు. అక్కడి నుంచి గ్లాసుడు నీళ్లు పోయినా ముల్లు సున్నాకు జారుతుంది. “నిన్న రాత్రి బాగానే ఉంది, తెల్లారేసరికి సున్నా” అన్నవాళ్లు చూసింది చాలాసార్లు హఠాత్తుగా పుట్టిన లీకును కాదు, నెలల నాటి సన్నని లీకు ఆఖరి మెట్టును.

పైకప్పు తొట్టి నుంచి మూసిన వలయానికి

మూసిన వలయం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఇంజనీరు ఏంజియర్ మార్చ్ పర్కిన్స్ 1831లోనే మూసిన ఇనుప గొట్టాల వేడినీటి పద్ధతికి పేటెంటు పొందాడు. నీరు వ్యాకోచించడానికి అందులో గాలి ఉండే గొట్టం ఒకటి అమర్చాడు. అయినా బ్రిటన్ ఇళ్లలో చాలాకాలం రాజ్యమేలింది వేరే పద్ధతి. పైకప్పు కింద అటకలో ఒక చిన్న తొట్టి ఉండేది. కాగిన నీరు అందులోకి పొంగేది, చల్లారితే దిగేది. నీరు తగ్గితే తేలే బంతి వాల్వ్ తెరుచుకుని కొత్త నీటిని నింపేది. అటక తొట్టి ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో లీకు ఎన్నేళ్లున్నా ఇంటివారికి తెలిసే దారి లేదు, బంతి వాల్వ్ ఎప్పటికప్పుడు దాన్ని కప్పేస్తుంది. కాబట్టి ప్రెషర్ తగ్గడం మూసిన వలయాలతో వచ్చిన జబ్బు అనుకోవడం పొరపాటు. లీకులు ముందూ ఉన్నాయి. వాటిని చూపించే ముల్లు తరవాత వచ్చింది.

అమెరికాలో వేడినీటి బాయిలర్లున్న ఇళ్లలో నేటికీ ఇలాంటి కప్పిపుచ్చుడే నడుస్తుంది. అక్కడ వీధి నీటి గొట్టాన్ని ఒక తగ్గింపు వాల్వ్ ద్వారా శాశ్వతంగా కలిపి ఉంచుతారు. ప్రెషర్ చదరపు అంగుళానికి 12 పౌండ్ల కంటే తగ్గితే అదే నింపుకుంటుంది, 30 పౌండ్ల దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1999 నాటి నీటి అమరికల నిబంధనల ఉద్దేశం దీనికి భిన్నం. రసాయనాలు కలిసిన హీటింగ్ నీరు తాగునీటి గొట్టంలోకి వెనక్కి రాకూడదని, వీధి నీటిని వ్యవస్థకు కలిపే ఫిల్లింగ్ లూప్ అనే అల్లిక గొట్టాన్ని నింపడం అయ్యాక విప్పి తీసేయాలని అవి చెబుతాయి. చాలా ఇళ్లలో దాన్ని తగిలించే వదిలేస్తారు. అలా వదిలేయడం వల్ల వచ్చే చిక్కు కిందనే ఉంది.

నీరు పోయే దారులు

అన్నిటికంటే మామూలు దారి రేడియేటర్ రెండు చివర్లలోని వాల్వులు. వాల్వ్ స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ ఎండి సన్నగా ఊరుతుంది. ఇత్తడి నట్టూ ఉంగరమూ బిగించిన జాయింట్లు వేడికీ చలికీ సాగుతూ ముడుచుకుంటూ కాలక్రమాన పట్టు వదులుతాయి. కొన్ని జాయింట్లు వేడిగా ఉన్నప్పుడు లోహం ఉబ్బి మూసుకుపోయి, చల్లారాకే కారతాయి. అలాంటి ఇంట్లో పగలంతా వెతికినా ఏమీ దొరకదు. రాత్రి హీటింగ్ ఆగాకే చుక్కలు మొదలవుతాయి. ఉక్కు రేడియేటర్లకు కింది అంచున లోపలి నుంచి తుప్పు తిని సూదిమొన రంధ్రం పడుతుంది, పైన రంగు బొబ్బ కడుతుంది. గాలి వదలడానికి ఉండే చిన్న స్క్రూ, పంపు జాయింట్, తుప్పును పట్టి ఉంచే అయస్కాంత ఫిల్టరు మూత కింది రబ్బరు వాషరు, బాయిలర్ లోపలి ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ కూడా అనుమానించాల్సిన చోట్లే. గడ్డు చలిలో కారు షెడ్డులోనో అటకలోనో పైపు గడ్డకడితే నీరు 9 శాతం ఉబ్బి గొట్టాన్ని చీలుస్తుంది. చీలిక తెలిసేది మంచు కరిగాకే, అప్పుడు ముల్లు ఒక్కసారిగా పడుతుంది.

రెండో దారి సేఫ్టీ వాల్వ్. దాని నుంచి 15 మిల్లీమీటర్ల రాగి గొట్టం గోడ దాటి బయటికి వెళ్లి, మళ్లీ గోడవైపు వంగి ఉంటుంది. వర్షాలు పడే దేశంలో ఆ గోడ మీది తడిని ఎవరూ పట్టించుకోరు. వాల్వ్ నుంచి నీరు పోతోందంటే తప్పు సాధారణంగా వాల్వ్‌ది కాదు, వెసెల్‌ది. లోపలి గాలి పోయి వెసెల్ అంతా నీటితో నిండిపోతే, కాగిన 2.3 లీటర్లకు చోటుండదు. ముల్లు కొద్ది నిమిషాల్లో 3 దాటుతుంది, వాల్వ్ తెరుచుకుని నీటిని పారబోస్తుంది. హీటింగ్ ఆగి చల్లారగానే మిగిలిన నీరు ముడుచుకుని ముల్లు సున్నాకు కూలుతుంది. ఇంటివారు మళ్లీ నింపుతారు, మర్నాడు మళ్లీ ఇదే. ఈ ఎగిసి కూలే నడక ఒక్కటి చూస్తే చాలు, నేల తవ్వాల్సిన పని లేదు. వెసెల్‌ను బాయిలర్‌కు కలిపే సన్నని గొట్టంలో నల్లని బురద అడ్డుపడ్డా లక్షణాలు అచ్చం ఇవే. లోపల గాలి నిండుగా ఉన్నా నీరు అక్కడికి చేరలేదు కదా.

ఒకసారి తెరుచుకున్న సేఫ్టీ వాల్వ్ మళ్లీ గట్టిగా మూసుకుంటుందన్న భరోసా లేదు. రబ్బరు మీద తుప్పు రజను ఇరుక్కుంటే ఆ తరవాత 1 బార్ దగ్గర కూడా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. అప్పుడు వెసెల్, వాల్వ్ రెండూ చూడాలి. వాల్వ్ ఒక్కటే మార్చి వెళ్లిపోవడం ఈ పనిలో చాలా తరచుగా జరిగే తప్పు. కొత్త వాల్వ్‌ను పాత వెసెల్ కొద్ది రోజుల్లోనే మళ్లీ పాడుచేస్తుంది.

తగిలించి వదిలేసిన ఫిల్లింగ్ లూప్ ఇక్కడే చిక్కు తెస్తుంది. దాని కొళాయి పూర్తిగా మూసుకోకపోతే వీధి నీరు కొద్దికొద్దిగా లోపలికి వస్తుంది. ముల్లు రాత్రంతా పైకి పాకి 3 చేరుతుంది, వాల్వ్ వదిలేస్తుంది. బయట తడి చూసి లీకు అనుకుంటారు, నిజానికి ఇది రాక ఎక్కువై పోక. లూప్ విప్పేశాక కూడా ముల్లు దానంతటది పెరుగుతుంటే, కాంబీ లోపల కొళాయి నీటినీ హీటింగ్ నీటినీ వేరుచేసే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో చిల్లు పడిందని అర్థం. వీధి గొట్టం ప్రెషర్ సాధారణంగా హీటింగ్ ప్రెషర్ కంటే ఎక్కువ కాబట్టి నీరు లోపలికే తోసుకొస్తుంది.

మూడో దారి బాయిలర్ లోపల. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు, కొద్ది మినహాయింపులతో, కండెన్సింగ్ రకానివై ఉండాలి. ఇవి పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. ఒక ఘనపు మీటరు సహజవాయువు మండితే సుమారు 1.6 లీటర్ల నీరు పుడుతుంది. అందులో కొంత కండెన్సేట్ గొట్టం అనే సన్నని ప్లాస్టిక్ గొట్టం ద్వారా మురుగులోకి పోతుంది. ప్రధాన హీట్ ఎక్స్ఛేంజర్‌లో పగులు వస్తే హీటింగ్ నీరు కూడా ఆ గొట్టంలోనే కలిసి వెళ్లిపోతుంది. గోడ తడవదు, నేల తడవదు, పైకప్పు మీద మచ్చ పడదు. ఏ ఆనవాలూ లేకుండా నీరు పోయే దారుల్లో ఇదొకటి.

వెతికే వరుస

మొదటి పని కాగితం, కలం. ఉదయం హీటింగ్ మొదలయ్యే ముందు, అంతా చల్లారి పంపు ఆగి ఉన్నప్పుడు అంకె రాయాలి. గంటసేపు నడిచాక మళ్లీ రాయాలి. పంపు తిరుగుతున్నప్పుడు ముల్లు దానివల్లే అటూ ఇటూ జరగవచ్చు. వేడి అంకెను చల్లని అంకెతో పోల్చి “రాత్రి అర బార్ పోయింది” అనుకోవడం ఉత్త భ్రమ, అది నీరు ముడుచుకోవడమే. చల్లని అంకెను చల్లని అంకెతోనే పోల్చాలి. ఈ మధ్య రేడియేటర్లలో గాలి వదిలారా అన్నది కూడా రాసుకోవాలి, ఎందుకంటే గాలి వదిలితే ప్రెషర్ తగ్గడం సహజం. వారం రోజుల పట్టికలో చల్లని అంకె మెల్లగా దిగుతూ, వేడి అంకె 2 దాటకుండా ఉంటే లీకును వెతకాలి. వేడి అంకె 3కి ఎగిసి, చల్లని అంకె కూలుతుంటే వెసెల్‌ను చూడాలి. ముల్లు అసలు కదలకపోతే గేజే బిగుసుకుపోయి ఉండొచ్చు.

రెండోది కంటితో, చేత్తో చేసే పరీక్ష. పొడి టిష్యూ కాగితాన్ని ప్రతి వాల్వ్ చుట్టూ, ప్రతి నట్టు కిందా తిప్పాలి. వేలికి తెలియని చెమ్మ కాగితానికి తెలుస్తుంది. ఆవిరైపోయిన లీకులు కూడా గుర్తు వదిలే పోతాయి: రాగి మీద ఆకుపచ్చ చిలుము, ఇత్తడి మీద ఉప్పులాంటి తెల్లని పెచ్చు, ఉక్కు మీద గోధుమ రంగు చార. ఈ పరీక్షను ఒకసారి వేడిగా, ఒకసారి చల్లారాక చేయడం అవసరం. బయట సేఫ్టీ వాల్వ్ గొట్టం కొసకు పల్చని ప్లాస్టిక్ సంచిని రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టి ఒక రోజు ఉంచితే, అందులో చేరిన నీరే సాక్ష్యం చెబుతుంది. అది ప్రాణరక్షణ దారి కాబట్టి గట్టిగా బిగించకూడదు, పరీక్ష అయ్యాక మరవకుండా తీసేయాలి. బాయిలర్ చాలా గంటలు ఆగి ఉన్నా కండెన్సేట్ గొట్టంలోంచి చుక్కలు పడుతూనే ఉంటే పగిలిన ఎక్స్ఛేంజర్‌ను అనుమానించాలి. మంట లేనప్పుడు అక్కడ కొత్త నీరు పుట్టే అవకాశం లేదు.

ఇంత చేసినా తేలకపోతే ఐసొలేషన్ పరీక్ష. బాయిలర్ కింద హీటింగ్ నీరు వెళ్లే వాల్వ్, తిరిగొచ్చే వాల్వ్ ఉంటాయి. అంతా చల్లారాక బాయిలర్ ఆపి, ప్రెషర్ 1.5 దాకా నింపి, ఫిల్లింగ్ లూప్ విప్పి, ఆ రెండు వాల్వులూ మూయాలి. ఇప్పుడు వ్యవస్థ రెండు ముక్కలైంది. గేజ్, వెసెల్, సేఫ్టీ వాల్వ్ బాయిలర్ వైపు, రేడియేటర్లూ పైపులూ అవతలి వైపు. ఉదయానికి ముల్లు దిగి ఉంటే తప్పు బాయిలర్‌లో ఉంది. దిగకపోతే అవతల ఉంది.

ఈ పరీక్షను చెప్పేవారు చాలామంది ఉన్నా, దాన్ని చదవడంలోని మెలిక చెప్పేవారు తక్కువ. వాల్వులు మూశాక రేడియేటర్ల వైపు గాలి దిండు లేదు. అక్కడ లీకు ఉంటే కొద్దిపాటి నీరు పోగానే ఆ వైపు ప్రెషర్ బాగా పడిపోతుంది, తోసే బలం పోయి లీకు దానంతటది మందగిస్తుంది. ఉదయం వాల్వులు తెరిచినప్పుడు వెసెల్‌లోని నీరు ఆ కొంచెం లోటునూ పూడ్చేస్తుంది. ముల్లు వెంట్రుకవాసి దిగి ఆగుతుంది. అది చూసి “రెండు వైపులా బాగానే ఉంది” అనుకోవడం పొరపాటు. తీర్పు ఇవ్వాల్సింది మూసి ఉన్నంతసేపు బాయిలర్ వైపు ముల్లు నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టే. పైగా మామూలుగా మూడు రోజులకు అర బార్ దిగే ఇంట్లో ఒక్క రాత్రి పరీక్ష ఏమీ తేల్చదు, కనీసం మూడు రోజులైనా మూసి ఉంచాలి. అంతకాలం బాయిలర్ నడపకూడదు కాబట్టి చలి తగ్గిన రోజులు ఎంచుకోవడం మంచిది. ఏళ్లుగా ఎవరూ తిప్పని వాల్వులు తిప్పగానే వాటి గ్లాండ్లే కొత్తగా కారొచ్చు. పరీక్ష అయ్యాక వాటికీ ఒకసారి టిష్యూ తగిలించి చూడాలి.

వెసెల్‌ను పరీక్షించడానికి దాని మీద ఒక వాల్వ్ ఉంటుంది, అచ్చం కారు టైరుకు ఉండేలాంటిదే. నడుమనున్న పిన్ను క్షణం నొక్కితే నీరు చిమ్మిందంటే రబ్బరు పొర చిరిగింది, వెసెల్ మార్చాల్సిందే. ఏమీ రాకపోతే గాలి అయిపోయింది, సైకిలు పంపుతో ఎక్కించవచ్చు. అయితే ముందు నీటి వైపు ప్రెషర్‌ను సున్నాకు దించి, నీరు పోయే కొళాయి తెరిచే ఉంచాలి. నీటి బరువు అవతలి నుంచి నొక్కుతుండగా గాలి కొలిస్తే గేజ్ నీటి ప్రెషర్‌నే చూపిస్తుంది, వెసెల్ నిండుగా ఉన్నట్టు మోసపోతాం. గాలి పోయిన వెసెల్‌ను మంచిదని వదిలేసి మెకానిక్ రెండోసారి పిలిపించుకునేది ఎక్కువగా ఈ కారణం చేతనే. చాలా కాంబీలలో వెసెల్ బాయిలర్ పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి ఈ పని ఇంటివారిది కాదు.

నేల కింద

ఐసొలేషన్ పరీక్ష పైపుల వైపు చూపించి, కనిపించే జాయింట్లన్నీ పొడిగా ఉంటే మిగిలేది నేల. కింది అంతస్తులో కాంక్రీటులో పూడ్చిన రాగి గొట్టాలు ఉన్న ఇళ్లు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. మీటరు రాగి గొట్టం 70 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది, 5 మీటర్ల గొట్టం దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ తొడుగు లేకుండా సిమెంటులో బిగిస్తే రోజూ రెండు మూడుసార్లు గరుకు కంకర మీద ఒరుసుకుంటుంది. దానికి తడి సిమెంటు రసాయనాలు తోడైతే ఇరవై ముప్పై ఏళ్లకు చిల్లు పడటంలో వింత లేదు. ఇలాంటి లీకు నేల మీదికి తేలకుండా కిందికే ఇంకిపోవచ్చు.

గచ్చు పగలగొట్టడం ఆఖరి మాట కావాలి. చల్లని ఇంట్లో హీటింగ్ వేసి థర్మల్ కెమెరాతో చూస్తే గొట్టాల దారి వెచ్చని గీతల్లా కనిపిస్తుంది. ఒకచోట గీత మరకలా పరుచుకుంటే అక్కడ వేడినీరు వ్యాపిస్తోందన్నమాట. మందమైన తివాచీ, చెక్క పలకలు ఉంటే చిత్రం మసకబారుతుంది. అంతకంటే నమ్మకమైనది ట్రేసర్ గ్యాస్. వ్యవస్థలోని నీరు తీసేసి 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన వాయువును నింపుతారు. ఈ పాళ్లలో అది మండదు. హైడ్రోజన్ అణువులు చిన్నవి, తేలికైనవి, అందుకని చిల్లులోంచి కాంక్రీటును దాటి పైకి వస్తాయి. నేల మీద సెన్సరు తిప్పితే చోటు తెలుస్తుంది. లీకు ఒకచోట దొరికినా అదే వయసున్న మిగతా గొట్టం మీద నమ్మకం పెట్టుకోలేం. నా అంచనాలో రెండోసారి తవ్వే పరిస్థితి వస్తే, నేలలోని గొట్టాన్ని వదిలేసి గోడ వెంటో పై అంతస్తు నుంచో కొత్త దారి వేయడమే చివరకు చవక.

నింపుతూ పోతే

వారానికోసారి ఫిల్లింగ్ లూప్ తిప్పి ముల్లును పైకి తెచ్చుకుంటే ఇల్లు వెచ్చగానే ఉంటుంది. లోపల నడిచే కథ వేరు. 10 డిగ్రీల కొళాయి నీటిలో లీటరుకు దాదాపు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. పాత నీటిలో ఆ ఆక్సిజన్ ఎప్పుడో ఖర్చయిపోయి తుప్పు నెమ్మదించి ఉంటుంది. కొత్త నీరు పోసిన ప్రతిసారీ అది మళ్లీ మొదలవుతుంది. ఉక్కు నుంచి మాగ్నటైట్ అనే నల్లని ఐరన్ ఆక్సైడ్, దానితోపాటు హైడ్రోజన్ వాయువు పుట్టవచ్చు. నల్ల బురద పంపులో, ఎక్స్ఛేంజర్‌లో, వెసెల్ గొట్టంలో చేరుతుంది. వాయువు రేడియేటర్ పైభాగంలో నిలిచి పై సగం చల్లబడుతుంది. దాన్ని వదిలితే ప్రెషర్ తగ్గుతుంది, మళ్లీ నింపుతారు. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ ప్రాంతాల్లో నీరు కఠినం కాబట్టి ప్రతి నింపుడూ సున్నపు పొరను కూడా వెంట తెస్తుంది. చిన్న లీకు ఇలా నాలుగు కొత్త లీకులకు తల్లి అవుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపాల్సి వస్తే కంగారు పడనక్కర్లేదు. నెలకోసారి అవసరమైతే కారణం వెతకాలి, రోజూ అయితే వెంటనే.

లీకు మూసే ద్రావణాలు కూడా దొరుకుతాయి. వ్యవస్థలో పోస్తే గాలి తగిలిన చోట గడ్డకట్టి సన్నని రంధ్రాన్ని పూడుస్తాయి. నేల కింద సూదిమొన చిల్లు ఉన్నప్పుడు, తవ్వే స్తోమత లేనప్పుడు వాటికి చోటుంది. వెసెల్ పాడైన ఇంట్లో పోస్తే ఏ మేలూ ఉండదు. కారణం తేలకముందే సీసా అందుకోవడం తప్పు.

మరమ్మతు, హద్దులు

రేడియేటర్ నట్టు బిగించడం, గ్లాండ్‌కు కొత్త ప్యాకింగ్ చుట్టడం, లూప్ విప్పడం చేయి తిరిగిన ఇంటివారు చేసుకోవచ్చు. బాయిలర్ పెట్టె తెరిచి గ్యాస్, మంట, పొగగొట్టం జోలికి వెళ్లే పని మాత్రం చట్టప్రకారం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవారిదే. 2009 ఏప్రిల్ 1న అది పాత కోర్గి పట్టిక స్థానంలోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లకు 1985 నాటి యజమాని–అద్దెదారు చట్టంలోని 11వ సెక్షన్ వర్తిస్తుంది, హీటింగ్‌ను పని చేసే స్థితిలో ఉంచే బాధ్యత యజమానిది. కొత్తగా వెళ్లి అద్దెకుంటున్నవారు తమ డబ్బుతో ప్లంబర్‌ను పిలిచే ముందు ఇది తెలుసుకోవాలి. తేదీలతో రాసిన ప్రెషర్ పట్టికను యజమానికి పంపితే మాటకు బలం వస్తుంది, వచ్చిన మెకానిక్‌కు ఒక రోజు పని తగ్గుతుంది.

మరమ్మతు కోసం నీరు తీసేస్తే అందులోని తుప్పు నిరోధక ద్రావణం కూడా పోతుంది, తిరిగి నింపేటప్పుడు అదీ మళ్లీ కలపాలి. కొత్త నీరు మొదటిసారి కాగినప్పుడు కరిగి ఉన్న గాలి బుడగలై విడిపోతుంది, ఎయిర్ వెంట్ ద్వారా, రేడియేటర్ స్క్రూల ద్వారా బయటికి పోతుంది. అందుచేత బాగుచేసిన తొలి రోజుల్లో ముల్లు కాస్త దిగడం లీకు మిగిలిందనడానికి గుర్తు కాదు. గాలి వదిలి, ఒకటి రెండుసార్లు 1.5 దాకా నింపి, ఆ తరవాతి మొదటి చల్లని ఉదయపు అంకెను కొత్త పట్టికకు తొలి వరుసగా రాసుకోవాలి.